బరంపురం నుంచి సీరియల్‌కి: ఆల్ఫ్ తాతని చూసి నేర్చుకున్న పని

నేను ఒక తెలుగు సీరియల్లో పదకొండు రోజులు నటించాను. అద్దె కోసం పీక్కుతినే ఇంటి ఓనరమ్మ వేషం. పన్నెండో రోజుకి నన్ను చంపేశారు. నా ఫోటోకి దండ వేసి హీరోయిన్ వెనకాల గోడకి తగిలిస్తే, అది ఎనిమిది నెలలు అక్కడే వేలాడింది. "పిన్నీ, నిన్న రాత్రి కూడా కనపడ్డావు" అని మా వీధిలో పలకరించేవారు. నాకన్నా నా ఫోటోయే ఎక్కువ రోజులు పనిచేసింది. దానికి మాత్రం డబ్బులు ఇవ్వలేదు.

ఈ మాత్రం అనుభవానికే ఎలా చెయ్యాలో చెప్పేస్తోందా అనుకుంటారేమో. ఏం చెయ్యను, ఒడిశాలో ఉన్న మా బరంపురంలో తెలుగు పిల్లలకి ఈ సంగతులు చెప్పేవాళ్ళు లేరు. పోస్టాఫీసు కౌంటర్లో ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చున్నాను, సాయంత్రాలు తెలుగు నాటకాలు వేశాను. అందుకని అడగాలంటే నా దగ్గరికే వస్తారు. మొన్న పక్కవీధి కుర్రాడొకడు వచ్చి, "పిన్నీ, సీరియల్లో చెయ్యాలంటే ఎవర్ని కలవాలి?" అన్నాడు. అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. దానికి ముందు చెయ్యాల్సిన పని చాలా ఉంది. అది నాకు తెలిసింది హైదరాబాద్‌లో కాదు, మెల్‌బోర్న్‌లో.

2018లో మా అమ్మాయి పురిటికి మెల్‌బోర్న్ వెళ్ళి మూడు నెలలు ఉన్నాను. జూలై, ఆగస్టు అక్కడ చలికాలం. బయటికి వెళ్ళబుద్ధి కాదు. సాయంత్రం ఏడింటికి సెవెన్ ఛానల్లో 'హోమ్ అండ్ అవే' అని ఒక సీరియల్ వచ్చేది. ఒళ్ళో మనవరాలు, ముందు టీవీ. ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది, అదే మంచిదయింది. మాట అందకపోతే కన్ను మనిషి మీదే ఉంటుంది. అందులో ఆల్ఫ్ స్టూవర్ట్ అని ఒక పెద్దాయన. సముద్రం ఒడ్డున ఊరు, చేపలు పట్టేవాళ్ళకి ఎర అమ్మే కొట్టు ఆయనది. కోపం వస్తే ఎదుటివాణ్ణి 'ఫ్లేమింగ్ గాలా' అని తిడతాడు. గాలా అంటే అక్కడి గులాబీ, బూడిద రంగుల కాకతువ్వ చిలక. మనం 'దద్దమ్మ' అన్నట్టు అక్కడ ఆ మాట వాడతారట. చూస్తున్నకొద్దీ ఈయన మన గోపాలపురం రేవులో వల బాగుచేసుకుంటూ పిల్లల్ని కసిరే తాతలా అనిపించాడు.

మా అల్లుడుగారు చెబితే తెలిసింది, ఆ నటుడి పేరు రే మీఘర్, సీరియల్ మొదలైన 1988 జనవరి నుంచీ అదే పాత్ర వేస్తున్నాడని. మొదట్లో ఉన్న నటుల్లో మిగిలింది ఆయనొక్కడే. నాకు మతి పోయింది. నేను పదకొండు రోజులే ఉన్నాను, ఆయన అప్పటికే ముప్పై ఏళ్ళుగా ఉన్నాడు. ఎలా? ఈ ప్రశ్న పట్టుకుని ఆ మూడు నెలలూ ఆయన్ని చదివాను. నేను చెప్పబోయేది అదే.

మీరు కూడా అక్కణ్ణుంచే మొదలుపెట్టండి. ఒక్క నటుణ్ణి ఎంచుకోండి. పది మందిని వద్దు. స్టార్‌ని అసలే వద్దు, రోజూ వచ్చి తన పని తను చేసుకుపోయే మనిషిని ఎంచుకోండి. భాష రాని సీరియల్ అయితే ఇంకా మేలు. యూట్యూబ్‌లో పాతవీ కొత్తవీ ముక్కలు దొరుకుతాయి. ఒక సీన్ మూడుసార్లు చూడాలి. ఒకసారి మామూలుగా, ఒకసారి సౌండ్ తీసేసి, ఒకసారి ఆ నటుడికి డైలాగ్ లేని చోట్ల మాత్రమే. మూడోదే అసలు పాఠం. పక్కవాళ్ళు మాట్లాడుతుంటే ఆయన ఏం చేస్తున్నాడు? నేను చూసిన సీన్లలో ఆల్ఫ్ తాత ఖాళీగా నిలబడ్డది తక్కువ. కౌంటర్ తుడుస్తాడు, కప్పు పక్కకి జరుపుతాడు, వినాల్సిన మాట రాగానే ఆ చెయ్యి ఆగుతుంది. అంతే. ఆ చెయ్యి ఆగడమే ఆయన రియాక్షన్. మన సీరియళ్ళలో ఆ చోట ముఖం మీదికి మూడుసార్లు జూమ్ చేసి ఉరుము శబ్దం వేస్తారు. అది మన చేతిలో లేదు. జూమ్ చేసినప్పుడు ముఖంలో ఏదో ఒకటి ఉండేలా చూసుకోవడం వరకు మన పని.

మన బరంపురం వాళ్ళకి ఇది కొంచెం కష్టం. మనం వేషం అంటే ఠాకురాణి యాత్ర చూస్తూ పెరిగిన వాళ్ళం. రెండేళ్ళకోసారి ఊరంతా రాత్రంతా మేలుకుని ఉంటే, డప్పుల మధ్య పులి వేషం కట్టినవాడు వీధి చివరున్న మనిషికి కూడా కనపడేలా ఆడాలి. నాటకమైనా అంతే, ఆఖరి బెంచీకి వినపడాలి. నేను ఆ అలవాటుతోనే సెట్‌కి వెళ్ళాను. మొదటి టేక్‌లో "అద్దె ఎప్పుడిస్తావమ్మా" అన్న మాట హాలు దద్దరిల్లేలా అన్నాను. కో-డైరెక్టర్ హెడ్‌ఫోన్ తీసేసి, "అమ్మా, మైకు మీ చీర కుచ్చిళ్ళలోనే ఉంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఇంట్లో సాధన చెయ్యాలంటే, వంటింట్లో పనిచేసుకుంటున్న అమ్మతో ఎలా మాట్లాడతారో అంత గొంతుతో డైలాగ్ చెప్పండి. అదే కొలత.

ఇక భాష. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, మన సరిహద్దు పిల్లలు దెబ్బ తినేది ఇక్కడే.

మనలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. తెలుగు అక్షరాలు రావు. స్క్రిప్ట్ మాత్రం తెలుగులో వస్తుంది, అదీ ఒక్కోసారి సెట్‌లోనే. ప్రాంప్టింగ్ ఉంటుంది కదా అని ధైర్యంగా వెళ్తారు. వెనకనుంచి ఒకరు డైలాగ్ అందిస్తుంటే విని చెప్పడం కూడా ఒక విద్యే, అది వచ్చినవాళ్ళకి మాత్రమే వస్తుంది. మిగతావాళ్ళ కళ్ళు మాట కోసం పక్కకి పోతాయి, కెమెరా అది పట్టేస్తుంది. కొందరు డైలాగ్‌ని ఒడియా లిపిలో రాసుకుంటారు. నాకు తెలిసిన ఒకమ్మాయి అలాగే రాసుకుంది. ఒడియాలో ఎ, ఏ అని వేరువేరుగా లేవు, ఒ, ఓ కూడా అంతే, ఒక్క అక్షరమే. "ఆయన మేడ మీద ఉన్నాడు" అన్న వాక్యాన్ని "ఆయన మెడ మీద ఉన్నాడు" అని చదివింది పాపం. ఆడిషన్ చేసేవాడు మొగుడెక్కడున్నాడో అర్థంకాక మొహం చూశాడట.

కాబట్టి తెలుగు అక్షరాలు నేర్చుకోండి. ఒడియా చదవడం వచ్చినవాళ్ళకి వరసంతా తెలిసినదే, క ఖ గ ఘ అక్కడా ఇక్కడా ఒకటే. రోజూ గంట కూర్చుంటే నెలన్నరలో చదువుతారు. ఒత్తుల దగ్గర మాత్రం విసుగొస్తుంది, వదలకండి. అప్పటిదాకా ఒడియాలో రాసుకోక తప్పకపోతే, దీర్ఘం పలకాల్సిన ఎ, ఒ మీద ఎర్ర పెన్నుతో గీత పెట్టుకోండి.

యాస సంగతి వేరు. మన మాటలో శ్రీకాకుళం వంపు ఉంది, దాని మీద ఒడియా రాగం ఉంది. హైదరాబాద్ వెళ్ళొచ్చిన వాళ్ళు "ఈ యాస వదిలెయ్" అంటారు. వదలొద్దు. పక్కన ఇంకొకటి పెట్టుకోండి. మార్గో రాబీని తెలుసు కదా, హాలీవుడ్ హీరోయిన్. ఆవిడ 2008 నుంచి 2011 దాకా మెల్‌బోర్న్‌లో తీసిన 'నైబర్స్' సీరియల్లో డోనా అనే పాత్ర వేసింది. సీరియల్ చేస్తూ చేస్తూనే అమెరికా యాస నేర్చుకుంది, అది వదిలిన 2011లోనే అక్కడి టీవీలో పని దొరికింది. అంతమాత్రాన ఆస్ట్రేలియా యాస పోయిందా? ఇంటర్వ్యూల్లో వినండి, అలాగే ఉంది. పని మాట వేరు, ఇంటి మాట వేరు. రోజూ పదిహేను నిమిషాలు తెలుగు వార్తలు చదివే మనిషితో పాటు గొంతు కలిపి చదవండి. తరవాత అదే వార్త మీ అమ్మమ్మకి ఆవిడ యాసలో చెప్పండి. రెండూ నోటికి రావాలి. వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది మన పర్లాకిమిడిలోనే. అటువంటి చోటునుంచి వచ్చి మన మాటకి మనమే సిగ్గుపడడం నాకు నచ్చదు.

గొంతు ఎలాగూ డబ్బింగ్ చెప్తారు కదా అనొచ్చు. నిజమే, తెలుగు సీరియళ్ళలో చాలామంది హీరోయిన్లు కన్నడం అమ్మాయిలు, మాట ఇంకొకరిది. కానీ మీరు హీరోయిన్‌గా వెళ్ళడం లేదు. పక్కింటి కుర్రాడిగానో, కాలేజీ స్నేహితురాలిగానో, నాలాగ ఓనరమ్మగానో వెళ్తారు. ఇంత చిన్న వేషానికి ఇంకో గొంతు పెట్టడం ఖర్చు. మాట శుభ్రంగా ఉన్నవాళ్ళనే తీసుకుంటారు.

ఇప్పుడు వీడియో పంపడం. అందరూ సెల్ఫ్ టేప్ అంటున్నారు, అంటే మన ఆడిషన్ మనమే ఫోన్‌లో తీసి పంపడం. బరంపురంలో కూర్చుని హైదరాబాద్‌కి పంపాలంటే ఇదే దారి. ఫోన్ అడ్డంగా పెట్టండి, కళ్ళ ఎత్తులో. నేను కుట్టుమిషన్ మీద పచ్చడి జాడీ, దానిమీద పంచాంగం పెట్టి ఎత్తు సరిచేశాను. వెనక ఖాళీ గోడ ఉండాలి. క్యాలెండర్, దేవుడి పటం తీసెయ్యండి, తరవాత పెట్టుకోవచ్చు. కిటికీ మీ ముందు ఉండాలి, వెనక ఉంటే ముఖం నల్లగా వస్తుంది. పొద్దున్న తొమ్మిది లోపు వెలుగు బాగుంటుంది, పైగా వీధిలో హారన్లు తక్కువ. ఫ్యాన్ ఆపండి. కుక్కర్ దింపించండి. ఛాతీ నుంచి పైకి కనపడితే చాలు. మొదట పేరు, వయసు, ఎత్తు, ఊరు చెప్పి, కుడివైపు ఎడమవైపు ఒకసారి తిరిగి, తరవాత సీన్.

ఎదుటి పాత్ర డైలాగులు చదివే మనిషి ఫోన్ పక్కనే, కెమెరాకి ఆనుకుని నిలబడాలి. మీరు కెమెరాలోకి కాకుండా ఆ మనిషిని చూసి మాట్లాడాలి. నేను మొదటిసారి మా చెల్లెల్ని పెట్టుకున్నాను. అది సీన్‌లో నా కోడలి డైలాగులు చదువుతూ చదువుతూ నిజంగానే ఏడ్చేసింది. వీడియోలో నేను కనపడుతున్నాను, దాని వెక్కిళ్ళు వినపడుతున్నాయి. చూసినవాళ్ళు "ఆ గొంతు ఎవరిదండీ" అని అడిగారు. చదివేవాళ్ళు చప్పగా, మెల్లగా చదవాలి. చప్పగా చదవగలిగే మనిషి కావాలంటే మా పాత పోస్టుమాస్టర్‌లాంటి వాణ్ణి వెతుక్కోండి.

రెండు టేకులు పంపండి, ఒకటి కొంచెం వేరుగా ఉండాలి. ఇరవై తీసుకున్నా పంపేది రెండే. పంపాక ఫోన్లు చెయ్యొద్దు. ఒకసారి కుదరకపోతే అయిపోయినట్టు కాదు. హాలీవుడ్ హీరో క్రిస్ హెమ్స్‌వర్త్ కూడా 'హోమ్ అండ్ అవే'కి మొదట వేరే పాత్ర కోసం ఆడిషన్ ఇచ్చాడు, అది ఇంకొకరికి వెళ్ళింది. ఆ తరవాత పిలిచి కిమ్ హైడ్ అనే పాత్ర ఇచ్చారు. 2004 నుంచి 2007 వరకు అదే చేశాడు. సుత్తి పట్టుకున్న థోర్‌గా 2011లో అందరికీ తెలిశాడు. మనం థోర్ అవుతామని కాదు. ఒకచోట కాదన్న ముఖమే అదే ఇంట్లో ఇంకో గదికి పనికిరావచ్చు. అందుకని ఆడిషన్‌లో మర్యాదగా ఉండి రావాలి.

డబ్బు అడిగేవాళ్ళ గురించి. మా నాటకాల గుంపులో ఒక కుర్రాడి దగ్గర వేషాలు ఇప్పిస్తానన్న ఒక కోఆర్డినేటర్ రిజిస్ట్రేషన్ అని, ఫోటోలని పదిహేను వేలు లాగాడు. ఆ తరవాత ఫోన్ ఎత్తలేదు. వేషం ఇచ్చేవాడు మీకు డబ్బివ్వాలి, మీరు వాడికి కాదు. ఫోటోలు ముందు నుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, నిలువునా ఒకటి ఉంటే సరిపోతుంది. మేకప్ లేకుండా, మన ఊళ్ళోనే తీయించుకోండి. అసలు డబ్బు కూడా ఆలస్యంగా వస్తుంది. నా పదకొండు రోజుల డబ్బులు మూడు నెలలకి వచ్చాయి. ఏ రోజు ఎన్నింటికి వెళ్ళాం, ఎన్నింటికి వదిలారు, రోజుకి ఎంత అనుకున్నాం అన్నది ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. అదొక్కటే నాకు పనికొచ్చింది. ఆస్ట్రేలియాలో నటులకి ఈక్విటీ అని సంఘం ఉంది, ఇంతకన్నా తక్కువ ఇవ్వకూడదని నిర్మాతలతో ఒప్పందాలు ఉంటాయి. చిన్న వేషగాళ్ళకి కూడా అవి వర్తిస్తాయని మా అల్లుడుగారు చెప్పినప్పుడు నాకు అసూయ కలిగింది.

శిక్షణ ఎక్కడ అని అడుగుతారు. సిడ్నీలో నైడా అని 1958లో పెట్టిన పెద్ద స్కూలు ఉంది, హాలీవుడ్ నటి కేట్ బ్లాంచెట్ అక్కడే చదివింది. మనకి దగ్గర్లో విశాఖపట్నం ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది. వీలైతే వెళ్ళండి. వీలు కాకపోతే ఊళ్ళో ఏ నాటకం వేసినా, ఒడియాదైనా సరే, కుర్చీలు సర్దడానికైనా వెళ్ళండి.

మళ్ళీ ఆల్ఫ్ తాత దగ్గరికి వస్తాను. మనిషి ఆ సీరియల్లోకి వచ్చింది నలభై మూడేళ్ళకి. అంతకుముందు ఎక్కువగా దుర్మార్గుడి వేషాలే. 'ప్రిజనర్' అనే ఆడవాళ్ళ జైలు సీరియల్లో వేరువేరు సమయాల్లో మూడు వేరువేరు పాత్రలు వేశాడు. ఒకే సీరియల్‌కి ఒక మనిషిని మూడుసార్లు పిలిచారంటే, వాడితో పని సులువన్నమాట. నాకు అందులో కనపడింది అదే. టీవీలో కనపడేవాళ్ళలో జనం ఎక్కువ ఇష్టపడ్డవాళ్ళకి అక్కడ గోల్డ్ లోగీ అని ఇస్తారు, అది ఆయనకి వచ్చింది 2010లో, అరవై అయిదేళ్ళ వయసులో. అంటే ఆ వేషం మొదలుపెట్టిన ఇరవై రెండేళ్ళకి. మన పిల్లలు రెండు నెలల్లో ఫోన్ రాకపోతే డీలా పడిపోతారు.

ఇక ఆ సీరియల్ పని ఎంత ఉంటుందంటే, వారానికి అయిదు అరగంట ఎపిసోడ్లకి సరిపడా తీస్తారు. సముద్రం ఒడ్డు సీన్లు సిడ్నీ ఉత్తరాన పామ్ బీచ్‌లో, ఇంటి సీన్లు స్టూడియోలో. ఒకే ఎపిసోడ్‌లో తలుపు బయట ఒక రోజు, తలుపు లోపల ఇంకో రోజు. మన దగ్గరా ఇంతే, హాల్లో సీన్లన్నీ ఒకేసారి తీసేస్తారు. పొద్దున్న మొగుడితో గొడవ, పదింటికి గొడవకి ముందరి ప్రేమ, మధ్యాహ్నం గొడవ అయిన నెలకి ఏడుపు. కథలో మీరెక్కడున్నారో గుర్తు లేకపోతే గల్లంతే. దీనికి నా పద్ధతి, ప్రతి సీన్ కాగితం పైన మూడు మాటలు రాసుకుంటాను. ఇప్పుడే ఎక్కణ్ణుంచి వచ్చాను, నాకు ఏం కావాలి, చేతిలో ఏముంది. మూడోది మరచిపోవద్దు. నేను ఒక సీన్‌లో కుడిచేత్తో తాళాలగుత్తి పట్టుకుని, మర్నాడు దాని తరవాతి షాట్‌లో ఎడమచేత్తో పట్టుకున్నాను. అసోసియేట్ డైరెక్టర్ కుర్రాడు ఫోన్‌లో ఫోటో చూపించాడు. అప్పటినుంచి ప్యాకప్ అయ్యేముందు నా ఫోటో నేనే తీసుకునేదాన్ని, ఎదురుగా ఒకటి, వెనకనుంచి ఒకటి.

మెల్‌బోర్న్‌లో ఉన్నప్పుడు ఒక ఆదివారం 'నైబర్స్' తీసే వీధి చూపించడానికి తీసుకెళ్ళారు. వెర్మాంట్ సౌత్‌లో పిన్ ఓక్ కోర్ట్ అనే చిన్న వీధి. టీవీలో అది రామ్సే స్ట్రీట్. చివర మూసుకుపోయిన వీధి, చుట్టూ మామూలు ఇళ్ళు, అందులో మామూలు జనం కాపురం ఉంటారు. 1985 నుంచీ ఆ ఇళ్ళ బయటే తీశారు, లోపలివన్నీ స్టూడియోలో. ఒకావిడ గేటు తీసి చెత్తడబ్బా బయట పెట్టి లోపలికి పోయింది, మేం ఫోటోలు తీసుకుంటూనే ఉన్నాం.

పాత్రని చంపేస్తే ఏం చెయ్యాలన్నది నాకు బాగా తెలిసిన విషయం. ఏడవకండి, సెట్‌లో అసలే ఏడవకండి. అందరికీ నమస్కారం పెట్టి, మేకప్ అన్నయ్యకి, లైట్ బాయ్‌కి పేరు పెట్టి చెప్పి రండి. తిరిగి పిలుస్తారు. 'నైబర్స్'లో హెరాల్డ్ బిషప్ అనే పెద్దాయన 1991లో సముద్రంలో కొట్టుకుపోయాడు, 1996లో జ్ఞాపకం పోయి తిరిగొచ్చాడు. శవం చూపించకపోతే ఆశ ఉన్నట్టే. నాకు దండ వేసేశారు కాబట్టి కవల చెల్లెలుగా రావాలి. అసోసియేట్‌కి ఆ మాట చెప్పి ఉంచాను.

ఆఖరిది ప్రయాణం. ఫోన్ ఎప్పుడూ సాయంత్రమే వస్తుంది, రేపు పొద్దున్న ఏడింటికి రమ్మంటారు. బరంపురం నుంచి సికింద్రాబాద్ రైల్లో పదిహేను గంటలకి పైనే. ఫలక్‌నుమానో, కోణార్కో, విశాఖో ఎక్కాలి, టికెట్ దొరకాలి. అందుకని మొదటిరోజే చెప్పెయ్యండి, "నాకు ఒక రోజున్నర ముందు చెప్పాలండీ, చెబితే తప్పకుండా ఉంటాను" అని. అబద్ధమాడి హైదరాబాద్‌లోనే ఉంటానని చెప్పినవాళ్ళు ఇచ్ఛాపురం దాటకముందే దొరికిపోతారు. బ్యాగ్ సర్ది ఉంచుకోండి. గళ్ళు, సన్న చారలు లేని సాదా బట్టలు మూడు జతలు (కెమెరాలో చారలు గజిబిజిగా కనపడతాయి), తెల్లది మాత్రం వద్దు. మగవాళ్ళయితే నల్ల ప్యాంటు, ఆడవాళ్ళయితే నలుపు, గోధుమరంగు లంగాలు, రకరకాల సైజు పిన్నీసులు. ఫోన్ ఛార్జర్, సీన్ కాగితాలకి అట్ట, ఎర్ర పెన్ను. మధ్యాహ్నం భోజనం నాలుగింటికి కూడా రావచ్చు కాబట్టి అటుకులు, బెల్లం. మేకప్ పాడవకుండా తినగలిగింది అదొక్కటే.